ఫొటోకి 30 రూపాయలా?

(ఆశ్రమ పాఠశాలలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాక అరకు దగ్గర మా సొంతూళ్లోనే ఉంటున్నాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు టూరిస్టుల గోలే. కొన్ని టూరిస్టులు రాసినవి, కొన్ని మావాళ్లు రాసినవి. చోటున్నంత వరకు జవాబులిస్తున్నాను.)

ప్రశ్న: మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. నవంబరులో కారులో అరకు వచ్చాం. దారిలో పసుపుపచ్చగా పూల తోట కనిపిస్తే దిగి ఫొటోలు తీసుకోబోయాం. ఒకావిడ కర్ర పట్టుకుని వచ్చి మనిషికి 30 రూపాయలు ఇమ్మంది. డబ్బు సంగతి వదిలేయండి, ఆమె మాట్లాడిన తీరుకి మనసు చివుక్కుమంది. మాలాంటివాళ్లు రాకపోతే అక్కడ ఆదాయం ఎక్కడిది? డబ్బున్నవాళ్లంటే మీ ప్రాంతం వాళ్లకి ఎందుకంత కోపం?
– ఒక పాఠకురాలు, కొండాపూర్, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ పూల సంగతి చెప్పనివ్వండి. మీరు చూసింది తోట కాదు, పొలం. వలిసెలు నూనెగింజ పంట. వానాకాలంలో చల్లితే అక్టోబరు, నవంబరుకల్లా పూస్తుంది. పువ్వు ఎండి గింజ కట్టాక కోసి, కళ్లంలో కొట్టి, ఇంటికి సరిపడా నూనె ఆడించుకుని మిగతా గింజలు సంతలో అమ్ముకుంటారు. మీరందరూ వచ్చే రోజులే గింజ కట్టే రోజులు. కాడ లేతగా ఉంటుంది, ఒకసారి విరిగితే ఇక లేవదు. మీరిద్దరూ నాలుగడుగులు లోపలికి వెళ్తే కొంప మునిగిపోదు. కానీ మీ కారు ఆగింది చూసి వెనకాల ఇంకోటి ఆగుతుంది, దాని వెనక మినీ బస్సు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి రోడ్డువారనున్న పంటంతా చాప పరిచినట్టు అయిపోతుంది.

మా ఊరు దాటాక ఒకావిడ పొలం ఉంది. పాత చీరలు పీలికలు చేసి, కర్రలకి కట్టి అదే కంచె అనుకుంటోంది. అట్టముక్క మీద మనవడు స్కెచ్‌పెన్నుతో 'ఫోటో 30, పూలు తెంపరాదు' అని రాసిపెట్టాడు. కిందటేడు అక్కడికి పెళ్లికి ముందు ఫొటోల బృందం ఒకటి వచ్చింది. గౌను వేసుకున్న అమ్మాయి, సూటులో అబ్బాయి, రంగుల పొగ గొట్టాలు, పైన డ్రోను. ఆ చప్పుడుకి ఆవులు బెదిరి పక్క చేలోకి పోయాయి. ఈవిడ వద్దని గట్టిగా అరిచేసరికి ఆ అబ్బాయి, "ఎంత కావాలి నీకు? పొలం మొత్తం కొనేస్తా" అన్నాడు. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా, "కొని ఏం చేస్తావు బాబూ, వలిసెలు చల్లుతావా?" అంది. ఫొటోగ్రాఫరు నవ్వేశాడు. పెళ్లికొడుకు నవ్వలేదు.

మీకు ఎదురైన ఆవిడ ఈవిడేనో, ఇంకొకరో. కానీ ఆ రోజుకి మీరు ఎన్నో కారువాళ్లో ఒకసారి ఆలోచించండి. ముందొచ్చినవాళ్ల మీద కోపం మీమీద చూపించి ఉంటే, అది మీకు న్యాయం కాదని నేనూ ఒప్పుకుంటాను.

ఇక ఆదాయం మాట. మీ మూడు రోజుల ఖర్చు మీరే లెక్క రాసుకోండి. కారు హైదరాబాద్‌ది, పెట్రోలు దారిలో కొట్టించారు. రూము బుక్ చేసింది యాప్‌లో. ఆ రిసార్టు అసలు యజమాని ఏ ఊరివాడో కౌంటర్లో కుర్రాడిని అడిగితే ఆ కుర్రాడు నేల చూపులు చూస్తాడు, దాని సంగతి కింద ఇంకో ఉత్తరంలో వస్తుంది. వంటింట్లోకి కూరగాయలు, గుడ్లు, బియ్యం చాలావరకు ఘాట్ రోడ్డెక్కి మైదానం నుంచే వస్తాయి. ఆఖరికి మీరు లొట్టలేసుకుంటూ తిన్న బొంగు చికెన్‌లో కోడి కూడా అక్కడి ఫారం కోడే. బొంగు మాది, నిప్పు మాది. గదులు ఊడ్చే అమ్మాయి జీతం, రాత్రి కాపలా కాసే ముసలాయన జీతం, కట్టెలమ్మినవాడి డబ్బులు, మీరిచ్చిన టిప్పు – మా ఊళ్లలోకి వచ్చింది ఇదే. రాలేదని అనను. మీరనుకున్నంత రాలేదంటున్నాను.

డబ్బున్నవాళ్లంటే కోపమా? నిజానికి ఇక్కడ ముచ్చటే ఎక్కువ. మా వీధి మగపిల్లలకి ఎక్కాలు రాకపోయినా మీ కార్ల మోడళ్లన్నీ నోటికొచ్చు. చిరాకంతా బేరం దగ్గర మొదలవుతుంది. రూముకి అడిగినంతా ఫోనులో కొట్టేసి వచ్చినవాళ్లు, సీతాఫలాల బుట్ట దగ్గర కూర్చుని పది రూపాయల కోసం పావుగంట వాదిస్తారు. ఆ బుట్ట తెల్లవారకముందే కొండ దిగి వచ్చింది. అమ్ముడుపోకపోతే మళ్లీ కొండెక్కాలి కాబట్టి సాయంత్రానికి ఆమె ఎంతకైనా ఇచ్చేస్తుందని బేరమాడేవాళ్లకీ తెలుసు. బేరం తెగాక ఆమెను "ఏయ్, ఇటు చూడు" అని ఫొటో తీస్తారు. మా అమ్మ వయసు మనిషిని!

మావాళ్లూ తక్కువ తినలేదు లెండి. బెల్లం పాకాన్ని కొండతేనె అని సీసాల్లో పోసి అమ్మేవాళ్లున్నారు. బయటి నంబరు ప్లేటు కనిపిస్తే జీపు కిరాయి పెంచేసేవాళ్లూ ఉన్నారు. పైగా అరకు బజారులో కనిపించే ప్రతివాడూ 'లోకల్' కాదు. దుకాణాల్లో, పార్కింగ్ దగ్గర మీతో దురుసుగా మాట్లాడినవాళ్లలో సగంమంది మీలాగే కింద నుంచి వచ్చినవాళ్లు. కాకపోతే వాళ్లు తిరిగి వెళ్లలేదు.

మళ్లీ వస్తే ఆ 30 ఇవ్వండి, గట్టు మీదే నిలబడండి. ఫొటో బాగానే వస్తుంది, మా మనవరాలు తీస్తుంటే చూశాను.

ప్రశ్న: ఏప్రిల్‌లో పాడేరు వైపు వెళ్తుంటే ఊరూరా ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్రలు కట్టి కారు ఆపారు. పాటలు పాడి డబ్బులడిగారు. ఇవ్వకపోతే కదలనివ్వలేదు. పండగ పేరుతో ఇది దౌర్జన్యం కాదా? పోలీసులు ఎందుకు ఊరుకుంటున్నారు?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: సార్, అది ఇటుకల పండగ. చైత్రంలో వస్తుంది. దిసారి, అంటే మా ఊరి పురోహితుడు, ముహూర్తం పెడితే ఊరంతా విత్తనాలు దేవత ముందు పెట్టి పూజ చేస్తారు. ఆ గింజలే తర్వాత పొలంలో పడతాయి. మగవాళ్లు విల్లంబులతో అడవికి వెళ్తారు. వేట ఇప్పుడు చాలాచోట్ల పేరుకే, అడవిలో జంతువూ లేదు, చట్టమూ ఒప్పుకోదు. వట్టి చేతులతో తిరిగొచ్చిన మగాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లుతారు. నా చిన్నప్పుడు మా నాన్న ఆ తడిసిన చొక్కాతో ఇంటికొచ్చి మా అమ్మను తిట్టడం నాకు బాగా గుర్తు.

మగాళ్లు అడవిలో ఉన్నప్పుడు ఊరు, దారి ఆడవాళ్లవి. దారిన పోయే ఎవరైనా సరే, పజోరు, అంటే పండగ చందా, ఇచ్చి వెళ్లాలి. ఆర్టీసీ బస్సు డ్రైవరూ ఇస్తాడు, సంతకెళ్లే వ్యాపారీ ఇస్తాడు, నా పెన్షను డబ్బుల్లోంచి నేనూ ఇస్తాను. ఆ డబ్బుతోనే చివరి రోజు ఊరంతటికీ భోజనాలు. అంటే మీరు ఆ విందులో చందాదారు. ఈసారి పదో ఇరవయ్యో ఇచ్చి, కారు దిగి ఆ పాట పూర్తిగా వినండి. మీ మీదే అప్పటికప్పుడు కట్టిన పాట అయినా ఆశ్చర్యం లేదు. కారు రంగు, మీ కళ్లజోడు, మీ పొట్ట, ఏదీ వదలరు.

ఒకటి మాత్రం మీ పక్షాన చెప్తాను. ఈ మధ్య కొన్నిచోట్ల పండగ అయిపోయినా కుర్రాళ్లు తాగి కర్రలు అడ్డం పెడుతున్నారు. అది పజోరు కాదు. ఆడవాళ్లూ పాటా లేని గేటు దగ్గర మీరు ఏమీ ఇవ్వక్కర్లేదు. అక్కడ పోలీసులకి ఫోన్ చేస్తే మా ఊరివాళ్లే సంతోషిస్తారు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాను, మాది విజయనగరం. అరకులో ఓ రెండెకరాలు కొని చిన్న ఎకో రిసార్టు పెట్టాలని నా కోరిక. స్థానికులకే ఉద్యోగాలిస్తాను. 1/70 అడ్డమంటున్నారు కానీ, ఒక గిరిజనుడి పేరు మీద రాయించుకుంటే సరిపోతుందని తెలిసినాయన చెప్పాడు. మీ సలహా?
– ఒక ప్రవాసాంధ్రుడు

జవాబు: తమ్ముడూ, ఆ తెలిసినాయన్ని తెలియనట్టు వదిలెయ్.

ఏజెన్సీలో భూమి చేతులు మారడం మీద 1959లో రెగ్యులేషన్ వచ్చింది. అది చాలకపోతే 1970లో సవరించి గట్టి చేశారు. దాన్నే అందరూ 1/70 అంటారు. గిరిజనేతరుడికి ఇక్కడి భూమి అమ్మినా, దానమిచ్చినా, తాకట్టు పెట్టినా, కౌలుకిచ్చినా చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. నీలాంటివాళ్లు దీన్ని పాతకాలపు చట్టం అంటారు. మా తాతల కాలంలో ఉప్పుకి, బట్టకి, పెళ్లి అప్పుకి భూములు ఎలా పోయాయో మా ఇళ్లలో ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. వేలిముద్ర ఎక్కడ వేశారో వాళ్లకే తెలియదు, తెలిసేసరికి సొంత పొలంలో కూలీలు.

ఇంకో సంగతి. నువ్వు టికెట్టు కొని చూసే బొర్రా గుహల పక్క భూములే సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. అక్కడ గనులు తవ్వుకోమని ప్రైవేటు కంపెనీలకి ప్రభుత్వం లీజులిస్తే సమత అనే సంస్థ కేసు వేసింది. ఏజెన్సీలో ప్రభుత్వమైనా సరే గిరిజనేతరులకి భూమి లీజుకివ్వకూడదని 1997లో తీర్పొచ్చింది. ప్రభుత్వానికే కుదరనిది నీకు, ఆ తెలిసినాయనకి ఎలా కుదురుతుంది?

బినామీల సంగతి నాకు తెలీదనుకోకు. పట్టా పేరు మా కుర్రాడిది, పెట్టుబడి కిందవాళ్లది, బోర్డు ఇంగ్లిషుది. రోడ్డువారన అలాంటివి ఉన్నాయని చిన్నపిల్లలకీ తెలుసు. అందులో పేరు పెట్టిన కుర్రాడి బతుకు చూశావా? ఊళ్లో అతన్ని ఎవరూ నమ్మరు. కేసు పడితే కాగితం మీద అతనే, లాభం వస్తే అకౌంటు ఇంకొకరిది. నాలుగేళ్లకి గొడవలొచ్చాక నీ డబ్బూ రాదు, కోర్టుకి వెళ్లి ఇది నాదని నువ్వు చెప్పుకోలేవు. ముందు నుంచీ చెల్లని బేరం కదా.

ఉద్యోగాలిస్తానన్నావు. మంచిదే. కానీ మీ ఊళ్లో ఎవరైనా వచ్చి, మీ ఇల్లు నాకివ్వండి, అందులో మీకే వాచ్‌మన్ ఉద్యోగమిస్తాను అంటే మీ నాన్నగారు ఏమంటారో ఒకసారి ఫోన్ చేసి కనుక్కో.

నిజంగా మక్కువ ఉంటే దారులున్నాయి. సొంతింట్లో రెండు గదులు వేసి అతిథులకిచ్చే గిరిజన కుటుంబాలు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి. వాళ్లకి కావలసింది మరుగుదొడ్డి బాగు చేసుకోవడానికి కొంచెం అప్పు, వచ్చేవాళ్లని పంపే మనిషి. నీ స్నేహితులని అక్కడికి పంపు. కాఫీ తాగేవాడివైతే మా కాఫీ కొను. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో మా పేరుతో కొట్టు తెరిచారు. ఆ గింజ పండించినవాళ్లు ఆ కొట్టు మెట్లెక్కకపోయినా, వాళ్ల తోట వాళ్ల పేరునే ఉంది. రిసార్టుల కంటే కాఫీ నాకు అందుకే నచ్చుతుంది.

ప్రశ్న: ఎవరు ఎన్ని చెప్పినా రైలు, రోడ్డు, సెల్ టవరు అన్నీ టూరిజం వల్లే అరకుకి వచ్చాయి కదా? కృతజ్ఞత ఉండాలి.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రైలు ఇనుపఖనిజం కోసం వచ్చిందండీ. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల నుంచి విశాఖ రేవుకి, అక్కడి నుంచి జపాన్‌కి ఖనిజం పంపడానికి 1960ల్లో కొత్తవలస–కిరండోల్ లైను వేశారు. అద్దాల పెట్టె మాత్రం మీకోసమే, 2017లో. ఆ రైలు మా ఊరు మీదుగా పోతుంటే లోపలివాళ్లు చేతులూపుతారు, మేమూ ఊపుతాం.

రోడ్డు సంగతికొస్తే, వ్యూపాయింట్లకి తారు పడింది. అనంతగిరి మండలం కొండ మీది ఊళ్లలో నెలలు నిండిన ఆడమనిషిని ఇంకా డోలీలోనే కిందికి మోస్తున్నారు. డోలీ అంటే తెలియనివాళ్లకి: దుంగకి దుప్పటి ఉయ్యాలలా కట్టి ఇద్దరు భుజాన వేసుకుని నడుస్తారు. వెనక ఇంకో ఇద్దరు, భుజం మార్చుకోవడానికి. కృతజ్ఞత గురించి వాళ్లు దిగాక మాట్లాడుకుందాం.

ప్రశ్న: టీచరమ్మా, నమస్తే. మాది డుంబ్రిగుడ మండలం. డిగ్రీ చదివి కారు నడుపుతున్నాను. టూరిస్టులు ఎక్కగానే "నువ్వు నిజంగా ట్రైబలేనా? ప్యాంటు, షర్టు వేశావేంటి? ఇంగ్లిష్ వచ్చే!" అంటారు. మొదట్లో నవ్వేవాణ్ని. ఇప్పుడు ఒళ్లు మండుతోంది. ఇంకో విషయం. మా చెల్లి, స్నేహితురాళ్లతో కలిసి శని, ఆదివారాలు రాత్రి రిసార్టుల్లో థింసా ఆడుతోంది. చలిమంట చుట్టూ తాగినవాళ్లు మధ్యలో దూరి చేతులు పట్టుకుంటారట. మాన్పించమని అమ్మ నన్ను పోరుతోంది. చెల్లి మానను అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక తమ్ముడు

జవాబు: నాయనా, మొదటిదానికి చిన్న చిట్కా. "మీరు నిజంగా హైదరాబాద్ వాళ్లేనా? షేర్వాణీ వేసుకోలేదే!" అను. నవ్వుతూనే అను, లేకపోతే రేటింగు పోతుంది. అర్థమైనవాళ్లు సర్దుకుంటారు. అర్థంకానివాళ్లకి అరకు గిరిజన మ్యూజియం దగ్గర కారాపు. అక్కడ మట్టిబొమ్మలు చీరకొంగు ముడేసుకుని, నగలు పెట్టుకుని, వాళ్లు కోరుకున్నట్టే ఉంటాయి. మాట్లాడవు కూడా.

మన పిల్లల్లో రెండో రకమూ చూస్తున్నాను. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడి, కారెక్కగానే అది రానట్టు నటించేవాళ్లు. నువ్వు అందులో లేవని నీ ఉత్తరమే చెబుతోంది. కొటియా, బగత, కొండదొర, పోర్జ, గదబ, ఖోండు అని ఇన్ని రకాల మనుషులం ఒకే సంతలో తిరుగుతాం. టూరిస్టుకి అందరం కలిపి 'ట్రైబల్స్'. నీకు వీలైతే, దారిలో ఊరు కనిపించినప్పుడల్లా అది ఎవరి ఊరు, ఏ పంట, ఏ పండగ అని రెండు ముక్కలు చెప్పు. వినేవాళ్లు పదిలో ముగ్గురుంటారు. ఆ ముగ్గురే నీ నంబరు దాచుకుంటారు.

ఇక చెల్లి. మీ అమ్మ బెంగ నాకర్థమైంది, కానీ మాన్పించమని నేను చెప్పను. థింసా మన ఇళ్లలో పెళ్లికి, పండగకి ఆడేది. వెనకనుంచి ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరస తెగకుండా తిరగాలి. డప్పు, తుడుము, మోరి మోగుతుంటే ముసలివాళ్లకి కూడా కాలు ఆగదు. దాన్ని రిసార్టు లాన్‌లో అరగంటకి కుదించి ఆడుతుంటే నాకూ మొదట మింగుడుపడలేదు. అయితే మీ చెల్లి ఆడేది తనకొచ్చిన ఆట, తెచ్చేది తన కష్టార్జితం. ఆ డబ్బుతో కాలేజీ ఫీజు కడుతోందో, ఫోను కొంటోందో అది ఆమె ఇష్టం. పూల పొలం ఆవిడకి 30 రూపాయలు అడిగే హక్కుంటే, మీ చెల్లికీ ఉంది.

తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి. రిసార్టువాడు బృందానికి ఎంతిస్తున్నాడు, మధ్యలో మేస్త్రీలాంటివాడు ఎంత మిగుల్చుకుంటున్నాడు? ఇది చెల్లినే అడుగు, ఆమెకి పైసాతో సహా తెలిసి ఉంటుంది. డబ్బు ఆట మొదలుకాకముందే చేతికి రావాలి. తర్వాత ఇస్తామంటే, తాగినవాళ్లతో గొడవపడి వెళ్లిపోయే ధైర్యం ఎవరికీ ఉండదు. అతిథులు వరసలోకి రాకూడదని మేనేజరు ముందే మైకులో చెప్పాలి. ఆడాలని ముచ్చటపడేవాళ్లకి చివర్లో ఒక పాట, అదీ వరస చివర పెద్దావిడల పక్కన. ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు, పక్క ఊరి బృందంవాళ్లు పెట్టుకున్న పద్ధతే. వాళ్లలో యాభై దాటిన ఇద్దరు వదినలుంటారు, చేయి వేసినవాడి వేలు మెలిపెట్టడంలో దిట్టలు. మీ చెల్లి బృందంలో అందరూ ఇరవై లోపు పిల్లలే అయితే అలాంటి ఇద్దరిని వెతికి కలుపుకోమను, తలా కొంచెం తగ్గినా ఫర్వాలేదు. ఒప్పుకోని రిసార్టుకి వెళ్లొద్దు. శనివారం రాత్రి థింసా ఉందని వాళ్లు ముందే ప్రకటించుకుంటారు కాబట్టి, బృందం గట్టిగా నిలబడితే మేనేజరే దిగొస్తాడు.

రాత్రి ఇంటికి తిరిగొచ్చే బండి ఎవరిది? రిసార్టువాళ్ల జీపైతే వద్దు. శని, ఆదివారాలు పదింటి తర్వాత కిరాయిలు పట్టుకోకు, నువ్వే వెళ్లి తీసుకురా. డీజిల్ డబ్బులు మాత్రం చెల్లి దగ్గర తీసుకో. లేకపోతే రేపు అమ్మ ముందు నీ మాటకి విలువుండదు, ఆమె మాటకీ ఉండదు.